నూట రెండు చుక్కలు

1988 ఏప్రిల్ 5, మెందోసా

వీడ్కోలు సభలో చదవడానికి నా పని గురించి నాలుగు ముక్కలు రాసివ్వమన్నారు. ముప్ఫై ఏళ్ల పనిని నాలుగు ముక్కల్లో రాయాలట. సరే, రాస్తాను. ఎలుక తొడ ఎముకలోంచి మూలుగ తియ్యడం. కణాలు ఉబ్బేదాకా పల్చని ఉప్పునీళ్లలో ఉంచడం. మూరెడు ఎత్తు నుంచి స్లైడు మీద చుక్క వదలడం. కణం పగిలి క్రోమోజోములు పరుచుకుంటే ఫొటో తియ్యడం. ఒక్కో క్రోమోజోము పక్కనా పెన్సిల్‌తో ఒక చుక్క పెడుతూ లెక్కపెట్టడం. ఆ తర్వాత అన్నిటినీ కత్తెరతో కత్తిరించి, పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా జతలు కట్టి అట్ట మీద అంటించడం. ఇంతే. నేను లేకపోతే మా పెద్దాయన డాక్టర్ బెర్తోల్దీ రాసిన పరిశోధన కాగితాల్లో సగం పుట్టేవి కావు. ఆ మాట మాత్రం సభలో చదవనివ్వరు.

స్లైడుల గదికి నా పేరు పెడతారట. ఇత్తడి పలక చేయిస్తున్నారు. నాకెందుకమ్మా ఈ సంబరాలు అన్నాను గానీ, ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను.

కొత్త డాక్టరమ్మ లూర్దెస్ మధ్యాహ్నం మాతే ఆకు కషాయం తాగుతూ అడిగింది. "నెలిదా గారూ, ఉప్పునేలల్లో ఉండే ఎర్ర విస్కాచా ఎలుక గురించి మన దగ్గర ఒక్క కాగితమూ లేదేమిటి? దాని చుట్టాలన్నిటివీ ఉన్నాయి. ఒకదానికి యాభై ఆరు క్రోమోజోములు, ఇంకోదానికి యాభై ఎనిమిది, అన్నీ మీ చేత్తో అంటించినవే. దీనిది లేదు."

"అది దొరకదమ్మా. మహా గడుసుది," అన్నాను.

ఏప్రిల్ 6

1974 సంగతి ఇక్కడ రాయక్కర్లేదు.

ఏప్రిల్ 12

దొరికింది. ఉప్పునేల దగ్గర మేకలు కాసుకునే జెనోన్ రెండిటిని పంజరంలో పెట్టుకుని లారీ ఎక్కి వచ్చేశాడు.

"ఏం దోన్యా నెలీ, ఇంకా బతికే ఉన్నారా?" అన్నాడు, పాత మర్యాద పిలుపుతోనే.

"నేను పోతే నీ జున్ను వాసన మీద నిన్ను తిట్టేవాళ్లెవరని ఆగాను," అన్నాను.

లూర్దెస్ పంజరం ముందు గొంతుక్కూర్చుంది. ఉప్పుపొద కొమ్మ లోపల పెడితే ఒకటి ఆకు తీసుకుని రెండు చేతులతో తిప్పుతోంది. పళ్ల పక్కనున్న గట్టి వెంట్రుకలతో ఆకు మీది ఉప్పుపొరని గీకి పడేసి లోపలి పచ్చదనం తింటోంది. బంగాళాదుంప తొక్క తీసే ముసలమ్మలాగా ఎంత ఓపికో! నేను అటు చూడకుండా సీసాలు తుడుస్తూ నిలబడ్డాను.

అంతలో జెనోన్ నోరు తెరిచాడు. "ఆ పొడుగు జడ పిల్లేదీ? ఇర్మా. ఉప్పులో నా పక్కన బోర్లా పడుకుని ఉచ్చులు పెట్టేది. ఇలాంటిదాన్నే పట్టుకుని ఒడిలో పెట్టుకుని తెచ్చింది కదా."

లూర్దెస్ నా వైపు తిరిగింది. "తెచ్చిందా? దొరకదన్నారే?"

"అది వేరే ఎలుకమ్మా. ఇతనికి వయసు మీద పడింది, అన్నీ కలిపేస్తున్నాడు," అన్నాను.

జెనోన్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. అరవై ఏళ్లుగా ఆ నేల మీద ఏ కన్నంలో ఏది ఉందో తెలిసిన మనిషి.

ఏప్రిల్ 15

చూశాను. మైక్రోస్కోపు కంటికద్దం నిండా క్రోమోజోముల జనం. తిరునాళ్లలా ఉంది.

లూర్దెస్ లెక్కపెట్టి లేచింది. మళ్లీ కూర్చుని లెక్కపెట్టింది. "తొంభై తొమ్మిది. ఇంకోదాంట్లో నూట నాలుగు. అన్నీ ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి, సరిగ్గా తెలియడం లేదు. ఇదేమిటి నెలిదా గారూ?"

"రెండు కణాలు ఒకదాని మీదొకటి పడి ఉంటాయి," అన్నాను. నేను అనలేదు, నా నోరే అనేసింది. ఆ నోటికి ఈ మాట బాగా అలవాటు.

"అన్ని స్లైడుల్లోనూనా?"

"నా చెయ్యి వణుకుతోందమ్మా. వయసు."

ఇది నిజమే. చెయ్యి వణుకుతోంది. చుక్క సరిగా పడక కణాలు పరుచుకోలేదు. రెండు ఎలుకల మూలుగా అయిపోయింది, ఒక్క మంచి ఫొటో రాలేదు.

ఏప్రిల్ 20

లూర్దెస్ వేరే దారిలో వెళ్లింది. మిగిలిన రక్తపు చుక్కల్ని రంగులో ముంచి, ఒక్కో కణంలో జన్యు పదార్థం ఎంతుందో యంత్రంతో కొలిచింది. దాని చుట్టాలకున్నదానికి రెట్టింపు ఉంది. అక్కడ కణాలు ఒక్కొక్కటే ఉన్నాయి, దేని మీదా ఏదీ పడలేదు. నా మాటకి ఇక కాళ్లు లేవు.

ఆ పిల్ల ఆనందం చూడాలి. గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పింది. "ఇది రెండు రకాలుగా జరగొచ్చు నెలిదా గారూ. ఎప్పుడో ఒక తరంలో మొత్తం జన్యు పుస్తకం పక్కనే ఇంకో ప్రతి వచ్చి చేరి ఉండాలి. లేదంటే పుస్తకం ఒకటే, అందులో కొన్ని మాటలే పేజీలకు పేజీలు మళ్లీ మళ్లీ రాసుకుంటూ పోయి అంత లావయి ఉండాలి. ఏదో తేలాలంటే ఒక్క మంచి ఫొటో కావాలి. కత్తిరించి జతలు కడితే తెలిసిపోతుంది. పుస్తకం రెండు ప్రతులైతే ప్రతి క్రోమోజోమూ నాలుగేసి దొరకాలి. లేకపోతే రెండేసి. ఒక్క ఫొటో నెలిదా గారూ!"

ఒక్క ఫొటో. వంటింట్లో పై అరలో, బిస్కట్ల డబ్బా అడుగున, పద్నాలుగేళ్లుగా ఉంది ఆ ఒక్క ఫొటో.

ఏప్రిల్ 21

డబ్బా తెరవలేదు.

ఏప్రిల్ 22

తెరిచాను. ఎంత బాగుంది! ఎంత శుభ్రంగా పరుచుకున్నాయి! ఒకదాన్నొకటి తాకడం లేదు. వెనక ఇర్మా రాత: ఎర్ర విస్కాచా, మగది, 1974 నవంబరు 8.

ఏప్రిల్ 27

రాసేస్తాను, ఎవరు చదువుతారు కనక.

ఇర్మా లుసేరోకి అప్పుడు ఇరవై నాలుగు. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చింది. ఒకరోజు మూడు అంగల్లో గదిలోకి వచ్చింది. "దోన్యా నెలీ, నూట రెండున్నాయి!" అంది. రెండు కణాలు కలిసి ఉంటాయే పిచ్చిదానా అన్నాను. "అయితే ఒక్క ఫొటో కత్తిరించి చూద్దాం దోన్యా. రెండు కణాలైతే ఒక్కోటీ నాలుగేసి దొరుకుతుంది కదా. ఒక్క పూట పని," అంది. అచ్చంగా ఇవే మాటలు. మొన్న లూర్దెస్ అంటుంటే నాకు ఇర్మా గొంతే వినబడింది.

బెర్తోల్దీ అప్పటికే పేరున్న శాస్త్రవేత్తలకి ఉత్తరం రాసేశాడు, దీనికీ చుట్టాల్లాగే యాభై ఆరు ఉంటాయని. ఆయనకి ఎదురు చెప్పడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. 1959లో నేను కొత్తగా చేరినప్పుడు ఒక ఎలుకకి రెట్టింపు క్రోమోజోములున్నాయని గంతులేస్తూ ఆయన దగ్గరికి పరిగెత్తాను. నిజంగానే రెండు కణాలు కలిసి పడ్డాయి. అందరి ముందూ నవ్వాడు. ఆరేళ్లపాటు నన్ను 'జంట కణాల నెలిదా' అని పిలిచారు. తల తీసేసినట్టుండేది. ఆ పిల్లకి ఆ గతి పట్టకూడదనే నేను ఆపాను.

ప్రయోగశాల రికార్డు పుస్తకంలో ఇలా రాశాను: 'ఇ. లుసేరో స్లైడులు పనికిరావు. రెండేసి కణాలు కలిసినవి.' సంవత్సరం చివర ఆమె ఉద్యోగం పొడిగించలేదు. పొడిగించనిది బెర్తోల్దీ. నేను కాదు.

నేను లెక్కపెట్టింది ఒక్క ఫొటోనే. ఒక్క ఫొటో చూసి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు?

ఏప్రిల్ 28

ఒక్కటి కాదు, అప్పుడు రెండు ఫొటోలు లెక్కపెట్టాను. రెండిట్లోనూ నూట రెండే.

మే 1

సెలవు. పొద్దున్నుంచీ జోండా గాలి, వేడిగా, దుమ్ముతో. తలనొప్పి. తలుపులన్నీ వేసుకుని కూర్చున్నాను. కాలవలనిండా ఎండుటాకులు.

పదకొండు. ఆమె పనిచేసిన బల్ల మీదున్న పదకొండు ఫొటోలూ, ఆమె భోజనానికి ఇంటికెళ్లినప్పుడు, తలుపు గడియ పెట్టి లెక్కపెట్టాను. పదకొండిట్లోనూ నూట రెండు. ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు. అంత శుభ్రమైన స్లైడులు నేను నా జన్మలో చెయ్యలేదు. అదీ అసలు సంగతి. ఆ పిల్ల చెయ్యి నా చెయ్యికంటే మంచిది. వచ్చి ఏడాదిన్నర కాలేదు, అప్పటికే బెర్తోల్దీ ఆమె స్లైడులు ముందు అడిగేవాడు. నాకు కడుపు రగిలిపోయేది.

కత్తెర సొరుగులో పెట్టి తాళం వేశాను. పది ఫొటోలు బుట్టలో పారేశాను. పదకొండోది చెయ్యి వదల్లేదు.

ఇందాక రాసిన 'ఆ పిల్లకి ఆ గతి పట్టకూడదనే' అన్న వాక్యం కొట్టేద్దామనుకున్నాను. వద్దు, ఉండనీ. నేనెలాంటిదాన్నో నాకు తెలియాలి.

మే 9

ఫొటో లూర్దెస్‌కి ఇచ్చేస్తే సరిపోతుంది కదా, పాత కాగితాల్లో దొరికిందని. ఎవరికీ నష్టం లేదు. వెనక రాత రబ్బరుతో చెరిపేస్తే పోతుంది. పెన్సిల్ రాతే.

మే 10

రబ్బరు చేతిలోకి తీసుకున్నాను. ఛీ.

మే 14, సాన్ రఫాయెల్ నుంచి తిరిగొచ్చాక

నాలుగు గంటలు బస్సు. ఏమని మొదలుపెట్టాలో దారంతా వల్లెవేసుకున్నాను. తలుపు తీసేసరికి అన్నీ ఎగిరిపోయాయి.

ఇర్మా కుట్టుపని చేస్తోంది. బడిపిల్లలు వేసుకునే తెల్లకోట్లు కుడుతుంది. గదినిండా కోట్లే, తాడు మీద వరసగా. జడ లేదు, జుట్టు కత్తిరించేసుకుంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రండి దోన్యా. ఆ కుర్చీ మీది గుడ్డలు పక్కన పెట్టి కూర్చోండి," అంది. నీళ్లు కాచి మాతే కలిపి మొదటిది తను తాగింది, రెండోది నాకిచ్చింది. ఏమీ అడగలేదు. నేనే గడగడా చెప్పేశాను, లూర్దెస్ సంగతి, కొలత సంగతి, నూట రెండు నిజమేనన్న సంగతి.

"నిజమేనని నాకు తెలుసు," అంది.

"నేనే పొరపాటు పడ్డానమ్మా. రెండు కణాలనుకున్నాను." అంత దూరం వెళ్లి, అక్కడ కూడా అదే కూశాను.

ఇర్మా కత్తెర బల్ల మీద పెట్టింది. "దోన్యా, మీరు లెక్కపెట్టేటప్పుడు పెన్సిల్‌తో చుక్క పెడతారు. చాలా చిన్న చుక్క, కుడివైపే పెడతారు. నేర్పింది మీరే కదా. ఆరోజు భోజనం చేసి వచ్చి బల్ల సర్దుకుంటుంటే బుట్టలో నా ఫొటోలు కనబడ్డాయి. పది. ప్రతిదాంట్లోనూ ప్రతి క్రోమోజోము పక్కనా మీ చుక్క ఉంది. చెడిపోయిన స్లైడుకి పది సార్లు నూట రెండేసి చుక్కలు ఎవరైనా పెడతారా?"

పద్నాలుగేళ్లు నేను దాచిపెట్టిందేమిటి, ఎవరి దగ్గర!

"తెలిసీ ఎందుకు అడగలేదు నన్ను?" అన్నాను, సిగ్గు లేకుండా.

"మీరే చెప్తారనుకున్నాను. మా అమ్మతో కూడా అన్నాను, దోన్యా నెలి మంచిది, బెర్తోల్దీకి భయపడింది, రేపో మాపో పిలుస్తుంది అని. రెండు చలికాలాలు చూశాను. తర్వాత ఈ మిషను కొనుక్కున్నాను." చెయ్యి చాపి అంది, "పదకొండోది ఏది?"

సంచిలోంచి తీసి ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడు మాత్రం ఆ ఇరవై నాలుగేళ్ల మొహం కనబడింది.

"ఎందుకు దాచారు దీన్ని?"

"తెలీదు."

"అబద్ధం," అంది. కోపంగా కాదు.

"చాలా బాగుంది కనక," అన్నాను. "అంత బాగున్నదాన్ని పారెయ్యలేకపోయాను."

ఇక ఏడుపు ఆగలేదు. ఆమె రుమాలు ఇవ్వలేదు, ఓదార్చలేదు. కాగితంలో నీ పేరు వేయిస్తానన్నాను. సభలో అందరి ముందూ చెప్తానన్నాను.

"సభలో మీరు ఏడుస్తారు, అందరూ వచ్చి మిమ్మల్నే కావలించుకుంటారు. నాకేం ఒరుగుతుంది? పుస్తకంలో నా పేరు పక్కన 'పనికిరావు' అని ఉంది. ఎక్కడ రాశారో అక్కడే, మీ చేత్తోనే దిద్దండి. నాకు కావలసింది అంతే. ఫొటో ఉంచి వెళ్లండి."

ఖాళీ మాతే కప్పు తిరిగిస్తూ మొహమాటానికి థాంక్స్ అన్నాను. మా దగ్గర ఆ మాటంటే ఇంక చాలు అని కదా. ఆమె కెటిల్ తీసి పొయ్యి వెనక పెట్టేసింది. నాకు ఇంకొకటి తాగాలనుంది. అడగడానికి మొహం చెల్లలేదు.

మే 17

ఇత్తడి పలక వచ్చింది. 'నెలిదా ఫూనెస్ స్లైడుల గది.' అక్షరాలు చక్కగా చెక్కారు. అందరూ చేతుల్లోకి తీసుకుని చూస్తున్నారు. పుస్తకం తియ్యలేదు.

మే 18

తియ్యలేదు.

మే 19

తియ్యలేదు. సభ అయిపోయాక రాస్తే మాత్రం ఏం? పేజీ ఎక్కడికి పోతుంది?

మే 20

రాశాను. 1974 నవంబరు పేజీలో, నా పాత రాత కిందే. 'పై మాట అబద్ధం. స్లైడులు మంచివి. క్రోమోజోములు నూట రెండు. కనుక్కున్నది ఇర్మా లుసేరో. ఆమెతో చెప్పకుండా పదకొండు సార్లు లెక్కపెట్టి, తెలిసీ కాదన్నది నేను.' సంతకం, తేదీ. చెయ్యి వణకలేదు. విచిత్రం.

తీసుకెళ్లి లూర్దెస్ ముందు పెట్టాను. డబ్బాలో దాచిన ఫొటో సంగతీ చెప్పాను. చదివింది. పైకి చూడకుండా అడిగింది.

"ఏప్రిల్ అయిదున నేను మిమ్మల్ని అడిగాను కదా."

"అడిగావు."

"అప్పటికి మీ దగ్గర ఫొటో ఉంది."

"ఉంది."

"మొత్తం ఆ ఉప్పునేల మీద అవి ఎన్ని ఉన్నాయో కూడా మనకి తెలియదు నెలిదా గారూ. రెండిటిని చంపాం."

అది నాకు తట్టనే లేదు. ఆకు తొక్క తీసుకుంటూ కూర్చున్నది గుర్తొచ్చింది. జెనోన్ కూడా గుర్తొచ్చాడు. అతనికి ఇంకా ఉత్తరం రాయాలి.

మే 23

జెనోన్‌కి రాశాను. 'నీకు వయసు మీద పడలేదు, నాకు పడింది' అని.

జూన్ 10

సభ అయింది. మాంసం కూరిన ఎంపనాదాలు, రెడ్ వైన్, పాటలు. నాలుగు ముక్కలు చదివారు. పలక ఏదని ఒకరిద్దరు అడిగారు. లూర్దెస్ "ఇంకా పని ఉంది" అని ఊరుకుంది. అది బీరువాలో ఉంది, నేనే పెట్టమన్నాను. అందరూ కావలించుకున్నారు. ఎంత వద్దనుకున్నా ఏడ్చాను. ఇర్మా చెప్పినట్టే అయింది.

జూన్ 17

ఇంట్లో ఉన్నాను. పొద్దున తొమ్మిదింటికి ఏం చెయ్యాలో తెలియక రెండుసార్లు గచ్చు కడిగాను.

లూర్దెస్ తలుపు కొట్టింది. చేతిలో పొట్లం. సాన్ రఫాయెల్ నుంచి ప్రయోగశాలకి వచ్చిందట, నా పేరు మీద. విప్పాం.

కుట్టుపనికి కొలతలు గీసుకునే దళసరి అట్ట. దాని మీద ఇర్మా ఆ ఫొటో మొత్తం కత్తిరించి అంటించింది. పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా, అయిదు వరసలు. అంచుల్లో కత్తెర ఎక్కడా జారలేదు. లూర్దెస్ వేలు పెట్టి లోపల్లోపల లెక్కపెడుతూ పోయింది. యాభై జతలు, చివర మగదాని ఎగుడుదిగుడు జత ఒకటి. ఎక్కడా నాలుగేసి లేవు. అన్నీ రెండేసే.

"రెండో ప్రతి కాదన్నమాట," అంది లూర్దెస్, గొంతు తగ్గించి. "నేనూ రెట్టింపేననుకున్నాను నెలిదా గారూ. అలాగే రాయబోయాను కూడా. ఈవిడ ఆపింది." అట్టని రెండు చేతులా పట్టుకుని, "కాగితం మీద మొదటి పేరు ఈవిడదే," అంది.

ఒక్క పూట పని. 1974లో తాళం తీసి కత్తెర ఇచ్చి ఉంటే ఒక్క పూట పని.

ఉత్తరమేమీ లేదు. పొట్లం అడుగున ఒక చిన్న కవరు ఉంది. చీటీ ఉందేమోనని ఆశగా చింపాను. కత్తిరింపులు. క్రోమోజోముల చుట్టూ మిగిలిన కాగితం ముక్కలు, ఒక్కటీ పారెయ్యకుండా, అన్నీ పంపింది. బల్ల మీద పోశాను. ప్రతి ముక్క మీదా కుడివైపు నా పెన్సిల్ చుక్క ఉంది.

లూర్దెస్ వెళ్లాక కూర్చుని లెక్కపెట్టాను. నూట రెండు.